కంప్యూటర్‌కి కారు బ్యాటరీ కడితే...

కరెంటు పోయినప్పుడు పది నిమిషాలు ఆదుకునే పెట్టె యూపీఎస్. దానికి కారు బ్యాటరీయో ట్రాక్టర్ బ్యాటరీయో తగిలించి గంటల తరబడి లాగించేవాళ్లు చాలామందే ఉన్నారు. లాగుతుంది, నిజమే! కానీ ఎన్నాళ్లు లాగుతుంది? లాగినన్నాళ్లూ ఆ గదిలో ఏం జరుగుతుంది?

మామిడికాయ కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఆకాశం నల్లబడిందంటే రెడ్డిగూడెం చుట్టుపక్కల ఇద్దరికి గుబులు మొదలవుతుంది. కాయ రాలిపోతుందేమోనని తోట రైతుకి. కరెంటు పోతుందేమోనని కంప్యూటర్ మీద బతికే దుకాణదారుకి. గాలిదుమారానికి ఓ కొమ్మ విరిగి తీగల మీద పడిందంటే, లైన్‌మన్ అదెక్కడో వెతికి, కొమ్మ కొట్టేసి, మళ్లీ లైను ఇచ్చేసరికి గంట పట్టొచ్చు. తెల్లారనూ వచ్చు.

మైలవరం, విస్సన్నపేట, నూజివీడుల మధ్య మామిడితోటల్లో ఉన్న మండల కేంద్రమిది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. 1979 నుంచి కరెంటు పుట్టిస్తున్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉన్నదీ ఈ జిల్లాలోనే. అయినా దీపం కిందే చీకటి అన్నట్టు, 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి రాష్ట్రమంతా కోతలతో అల్లాడినప్పుడు ఈ వైపు పల్లెలకీ ఆ తిప్పలు తప్పలేదు. ఆ స్థాయి కోతలు తర్వాత తగ్గాయి. కానీ కంప్యూటర్‌తో పని మాత్రం పదింతలైంది. 2011లో మీసేవ వచ్చింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. అడంగల్ కావాలన్నా, కులం సర్టిఫికెట్ కావాలన్నా, పిల్లాడి పరీక్ష ఫీజు కట్టాలన్నా, పంట నమోదు చేయించాలన్నా కంప్యూటర్ తెర వెలగాల్సిందే. అందుకే ఇలాంటి మండల కేంద్రాల్లో ఎవరో ఒకరికి ఆ ఆలోచన వస్తూనే ఉంటుంది... ‘ఇంట్లో ట్రాక్టర్ బ్యాటరీ ఖాళీగానే ఉంది కదా, యూపీఎస్‌కి తగిలిస్తే పోలా?’

పది నిమిషాల పెట్టె

ముందు అసలు యూపీఎస్ సంగతి చూద్దాం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది 600 వీఏ రకం. పేరుకి 600 అయినా అది మోయగలిగిన బరువు 360 వాట్ల దగ్గరే ఉంటుంది. దాని మూత విప్పితే లోపల ఇటుకరాయిలో సగం ఉండే ఒక నల్లటి బ్యాటరీ కనిపిస్తుంది. దాని మీద ‘12 వోల్టులు, 7 ఏహెచ్’ అని రాసి ఉంటుంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. బిందెలో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పే కొలత లాంటిదన్నమాట.

పన్నెండుని ఏడుతో హెచ్చిస్తే 84 వాట్ అవర్లు. అంటే వంద వాట్లు తినే కంప్యూటర్ యాభై నిమిషాలు నడవాలి కదా అనిపిస్తుంది. నడవదు. కారణం రెండు. ఆ ఏడు ఏహెచ్ అన్నది ఇరవై గంటల పాటు మెల్లగా తీసుకున్నప్పటి లెక్క. పావుగంటలో గబగబా లాగేస్తే అందులో సగం కాస్త అటూ ఇటుగా మాత్రమే చేతికొస్తుంది. పైగా బ్యాటరీలోని 12 వోల్టుల్ని 230 వోల్టులుగా మార్చేటప్పుడు ఇంకో అయిదో వంతు వేడి రూపంలో పోతుంది. అందుకే కొత్త బ్యాటరీ అయినా వంద వాట్ల కంప్యూటర్‌ని ఇరవై నిమిషాలకు మించి నడపడం కష్టం. వెనకటి లావుపాటి పెట్టె మానిటర్లయితే పది నిమిషాలకే కీచుమని అరిచేవి.

ఇది లోపం కాదు. యూపీఎస్‌ని తయారుచేసిందే అందుకు. చేస్తున్న పని దాచుకుని, కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపేసుకోవడానికో, జనరేటర్ వేసుకునేదాకా ఆగడానికో సరిపడా వ్యవధి ఇవ్వడమే దాని పని. గంటల తరబడి దుకాణం నడపడం దాని ఒప్పందంలో లేదు!

బ్యాటరీతో పాత చుట్టరికం

అయితే బండి బ్యాటరీని వేరే పనికి వాడుకోవడం మనకేమీ కొత్త కాదు. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైకు సెట్లు బ్యాటరీల మీదే మోగేవి. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణం’ మొదలైనప్పుడు ఆదివారం పొద్దున కరెంటు లేని ఊళ్లలో ట్రాక్టర్ బ్యాటరీకి బుల్లి టీవీ తగిలించుకుని ఊరంతా కూర్చుని చూసిన జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖని చీకట్లోకి నెట్టినప్పుడు సెల్‌ఫోన్లకి ప్రాణం పోసిన వాటిల్లో కార్ల బ్యాటరీలూ ఉన్నాయి.

ఆ అనుభవంతోనే ‘టీవీకి పనికొచ్చింది కంప్యూటర్‌కి పనికిరాదా?’ అనిపిస్తుంది. పైగా లెక్క కూడా ఊరిస్తుంది. చిన్న కారులో ఉండే బ్యాటరీ 35 ఏహెచ్. యూపీఎస్ లోపల ఉన్నదానికి సరిగ్గా అయిదింతలు. ట్రాక్టర్ బ్యాటరీలు 80, 88 ఏహెచ్ దాకా ఉంటాయి. వోల్టులు ఎక్కడైనా పన్నెండే. పాత బ్యాటరీ తీగలు పీకి పెద్ద బ్యాటరీకి తగిలిస్తే యూపీఎస్ కిక్కురుమనకుండా పనిచేస్తుంది. ఎందుకంటే దానికి తెలిసింది వోల్టులే. తనకు కట్టింది చిన్న దూడనో పెద్ద దున్ననో దానికి తెలీదు. తిరకాసంతా అక్కడే మొదలవుతుంది.

రెండు ఎద్దుల కథ

సీసం పలకలు, గంధకామ్లం... ఈ రెంటితో పదే పదే చార్జి చేసుకునే బ్యాటరీని ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. అప్పటికి కార్లే లేవు. కారులో అది తన అసలు ఉద్యోగం వెతుక్కుంది 1912లో. చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసే బాధ తప్పిస్తూ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ ఆ ఏడాది కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పట్నుంచీ కారు బ్యాటరీకి ముఖ్యమైన పని ఒక్కటే... తాళం తిప్పగానే వంద, నూటయాభై ఆంపియర్ల కరెంటుని రెండు మూడు సెకన్ల పాటు ఒక్క ఉదుటున ఇవ్వడం.

అదెంత కరెంటు? లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. నూటయాభై ఆంపియర్లు మూడు సెకన్ల పాటు వాడితే ఖర్చయ్యేది ఒక ఏహెచ్‌లో ఎనిమిదో వంతు! 35 ఏహెచ్ బ్యాటరీలో ఒక శాతం కూడా కాదు. ఇంజిన్ అందుకున్న మరుక్షణం నుంచే ఆల్టర్నేటర్ ఆ కాస్తా తిరిగి నింపేస్తుంది. కాబట్టి కారు బ్యాటరీ జీవితమంతా దాదాపు నిండుకుండలాగే గడుస్తుంది.

ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వాలంటే ఆమ్లం ఎక్కువ పలకని తాకాలి. అందుకే కారు బ్యాటరీలో పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పలకలు మందంగా ఉంటాయి. ట్యూబులర్ రకంలోనైతే పాజిటివ్ పలకలోని పదార్థాన్ని గొట్టాల్లాంటి తొడుగుల్లో బిగించి పెడతారు, అడుగుకి రాలిపోకుండా.

మన వైపు భాషలో చెప్పాలంటే, ఒకటి బండలాగుడు పోటీకి మేపిన గిత్త. ఇంకోటి రోజంతా దుక్కి దున్నే ఎద్దు. గిత్త గొప్పదే, కానీ దాన్ని రోజూ కాడికి కట్టి సాయంత్రం దాకా దున్నిస్తే ఏమవుతుంది? కారు బ్యాటరీకీ అదే గతి పడుతుంది. రోజూ అడుగంటా వాడుకుంటే పలచటి పలకల మీది పదార్థం వదులై రాలిపోతుంది. కొన్ని పదుల సార్లకే చతికిలబడుతుంది. అదే పని ట్యూబులర్ బ్యాటరీ కొన్ని వందల సార్లు, మంచిదైతే వెయ్యి దాటి కూడా చేయగలదు. ‘కారులో నాలుగేళ్లు వచ్చింది, ఇక్కడ నాలుగు నెలలకే పోయిందేంటి?’ అని బ్యాటరీ షాపువాడితో గొడవ పడేవాళ్లకి జవాబు ఇదే.

చెంబుతో చెరువు నింపితే...

వాడుకోవడం ఒక ఎత్తు. నింపడం ఇంకో ఎత్తు. యూపీఎస్ లోపల చార్జర్ చాలా చిన్నది. ఏడు ఏహెచ్ బ్యాటరీకి సరిపడేలా ఒక ఆంపియరో, అంతకన్నా తక్కువో ఇస్తుంది. ఆ లెక్కన ఖాళీ అయిన చిన్న బ్యాటరీ ఎనిమిది, తొమ్మిది గంటల్లో నిండుతుంది. మరి 35 ఏహెచ్ కారు బ్యాటరీ? చార్జింగ్‌లో పోయే వృథాని కూడా కలుపుకుంటే నలభై గంటలు. అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. 88 ఏహెచ్ ట్రాక్టర్ బ్యాటరీ అయితే నాలుగు రోజులు దాటుతుంది!

రోజుకి రెండు గంటలు కరెంటు పోయే చోట ఏం జరుగుతుందో ఊహించండి. వంద వాట్ల కంప్యూటర్ రెండు గంటలు నడిస్తే బ్యాటరీ లోంచి ఇరవై ఏహెచ్ పైనే ఖర్చవుతుంది. తర్వాత కరెంటు ఉన్న ఇరవైరెండు గంటలూ ఒక ఆంపియర్ చొప్పున చార్జర్ పోసినా వృథా పోగా ఆ గుంట పూడదు. రోజూ కాస్త కాస్త లోటు పడుతూనే ఉంటుంది. పైకి చూస్తే చార్జింగ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. లోపల మాత్రం బ్యాటరీ ఎప్పుడూ అర్ధాకలితోనే ఉంటుంది.

సీసం బ్యాటరీకి ఆకలి మంచిది కాదు. కరెంటు వాడుకున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పదార్థం ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగి మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. రోజుల తరబడి అలా వదిలేస్తే గట్టి పలుకులుగా పేరుకుపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా లొంగదు. మెకానిక్‌లు ‘సల్ఫేట్ పట్టేసింది’ అనేది దీన్నే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కారులో కుదుపులకి ఆమ్లం కలిసిపోతూ ఉంటుంది. ఆల్టర్నేటర్ 14 వోల్టులకి పైన చార్జి చేస్తే బుడగలు వచ్చి అడుగూ పైనా కలగలుస్తాయి. బల్ల కింద కదలకుండా కూర్చున్న బ్యాటరీకి ఆ కుదుపులు లేవు. యూపీఎస్ చార్జర్ సాధారణంగా 13.5, 13.8 వోల్టుల మధ్యే ఆగిపోతుంది. చిక్కటి ఆమ్లం అడుక్కి దిగుతుంది, పలచటిది పైన తేలుతుంది. అడుగు భాగం త్వరగా పాడవుతుంది.

పెట్టె వేడెక్కితే...

ఇప్పటిదాకా పోయింది బ్యాటరీ మాత్రమే. యూపీఎస్ మాటేమిటి? చిన్న యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్సిస్టర్లు, వాటి వేడిని లాగే అల్యూమినియం రేకు... అన్నీ పది, పదిహేను నిమిషాల పనికి లెక్కగట్టి పెట్టినవి. చాలా వాటిలో ఫ్యాన్ కూడా ఉండదు. బ్యాటరీ ఖాళీ అవగానే పని ఆగిపోతుంది, పెట్టె చల్లబడుతుంది. అంటే ఆ చిన్న బ్యాటరీయే దానికి కాపలాదారు అన్నమాట!

పెద్ద బ్యాటరీ తగిలించడమంటే ఆ కాపలాదారుని తీసేయడమే. గంట, రెండు గంటలు ఆగకుండా నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్ తీగల మీది పూత కమిలిపోతుంది, ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మే నెలలో రేకుల గదిలో మధ్యాహ్నం వేళ పరిస్థితి చెప్పనక్కర్లేదు. వేడి బ్యాటరీనీ వదలదు. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మూడేళ్లు రావాల్సింది ఏడాదిన్నరకే పోతుంది.

తీగల సంగతి మరీ ముఖ్యం. 300 వాట్ల బరువు మోయాలంటే 230 వోల్టుల వైపు ఒకటిన్నర ఆంపియర్ కూడా అక్కర్లేదు. కానీ 12 వోల్టుల వైపు ముప్ఫై ఆంపియర్లు పారాలి. చాలామంది చేసేదేంటి? ఇంట్లో మిగిలిన ఫ్యాను వైరు ముక్కతో రెండు మీటర్ల దూరంలో ఉన్న బ్యాటరీకి లాగేస్తారు. వైరు వేడెక్కుతుంది, పైతొడుగు మెత్తబడుతుంది, రెండు తీగలు ఒకదాన్నొకటి తాకుతాయి. యూపీఎస్ చిన్న బ్యాటరీ అయితే ఓ మెరుపు మెరిసి ఆగొచ్చు. కారు బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. పానా అడ్డంగా పడితేనే ఎర్రగా కాలేంత బలం దానిది. మధ్యలో ఫ్యూజు లేకపోతే దాన్ని ఆపేదెవరు?

కనిపించని గాలి

కారు బ్యాటరీ ఉండే చోటు ఏది? బానెట్ కింద, గాలి ఆడే చోట. దానికి కారణముంది. మూతలున్న బ్యాటరీ నిండే వేళకి ఆమ్లంలోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు బయటికొస్తాయి. రంగూ వాసనా లేని హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. యూపీఎస్‌లో కరెంటు పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా టక్కుమనే రిలే ఉంటుంది. ఆ టక్కులోనే చిన్న రవ్వ ఉంటుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో, బల్ల కింద, యూపీఎస్ పక్కనే అలాంటి బ్యాటరీ పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వాయువుతో పాటు వచ్చే ఆమ్లపు తుంపర కంప్యూటర్ లోపలి రాగినీ, ఇనుప బీరువానీ మెల్లగా తినేస్తుంది కూడా.

ఇంకో ప్రమాదం మెకానిక్‌లకే తెలియకపోవచ్చు. ‘పన్నెండు వోల్టులేగా, ముట్టుకుంటే ఏమవుతుంది?’ అనుకుంటాం. కొన్ని రకాల యూపీఎస్‌లలో బ్యాటరీ వైపు సర్క్యూట్‌కీ 230 వోల్టుల లైనుకీ మధ్య అడ్డుగోడ ఉండదు. బ్యాటరీ మూసిన పెట్టెలోనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు అన్న నమ్మకంతో అలా కడతారు. ఆ తీగల్ని బయటికి లాగి బల్ల కింద తెరిచిపెట్టిన బ్యాటరీకి తగిలిస్తే, ఊడ్చే మనిషి తడిచెయ్యో, చిన్నపిల్లల చెయ్యో దాని టెర్మినల్‌కి తగిలిందంటే తగిలేది ఇంటి కరెంటే.

టెలిఫోన్ ఎక్స్చేంజీ నేర్పిన పాఠం

మరి బ్యాటరీల మీద గంటల తరబడి నడపడం అసాధ్యమా? కానే కాదు. దశాబ్దాల పాటు అలా నడిచిన చోటు మన ఊళ్లలోనే ఉంది... టెలిఫోన్ ఎక్స్చేంజీ. ఊరంతా కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ ఫోను ట్రింగ్‌మని మోగేది గుర్తుందా? ఎక్స్చేంజీలో రెండేసి వోల్టుల సెల్స్ 24 వరసగా కట్టి 48 వోల్టుల బ్యాటరీ నిలబెట్టేవారు. మన ఫోనుకి కావలసిన కరెంటు ఆ తీగలోంచే వచ్చేది.

అక్కడ చేసిందేంటి? ఒకటి, నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే రకం బ్యాటరీనే పెట్టారు. రెండు, ఎక్స్చేంజీని నడుపుతూనే బ్యాటరీని కూడా త్వరగా నింపగల పెద్ద చార్జర్ పెట్టారు. మూడు, ఆమ్లం సెల్స్‌ని గాలి ఆడే వేరే గదిలో ఉంచారు. నాలుగు, నీళ్లు ఎంతున్నాయో, గ్రావిటీ ఎంతుందో క్రమం తప్పకుండా చూసి రాసిపెట్టే మనిషిని పెట్టారు. కారు బ్యాటరీ తగిలించిన యూపీఎస్‌లో లేనివి సరిగ్గా ఈ నాలుగే!

తర్వాత సీల్డ్ బ్యాటరీలు వచ్చి నీళ్లు పోసే పని తప్పించాయి. ఆ మార్పులో తెలుగునేల పాత్ర తక్కువేం కాదు. 1977లో హైదరాబాద్‌లో మొదలైన హెచ్‌బీఎల్, గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా ఇలాంటి పారిశ్రామిక బ్యాటరీలతో పేరు తెచ్చుకున్నవే. అమరరాజా వాళ్ల కారు బ్యాటరీ ‘అమరాన్’ మార్కెట్లోకి వచ్చింది 2000లో. ఒకే కంపెనీ కారుకొకటి, ఇన్వర్టర్‌కొకటి, టెలిఫోన్ టవర్‌కొకటి వేర్వేరుగా చేస్తోందంటేనే అర్థం చేసుకోవాలి... పన్నెండు వోల్టుల బ్యాటరీలన్నీ ఒకటి కాదని.

మరేం చేయాలి?

ముందు అవసరం ఎంతో తేల్చుకోవాలి. పని దాచుకుని ఆపేసుకుంటే చాలనుకుంటే యూపీఎస్‌కి దాని బ్యాటరీయే చాలు. రెండు మూడేళ్లకి వెనక్కి తగ్గినప్పుడు అదే కొలత కొత్తది వేయించుకోవాలి.

రెండు మూడు గంటలు నడవాలంటే ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ జంటే దారి. ఇళ్లలో వాడే ఇన్వర్టర్ల చార్జర్ పది, పదిహేను ఆంపియర్లు ఇస్తుంది. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో అరవై శాతమే వాడుకున్నా, ఒక కంప్యూటర్, ఫ్యాను, లైటు, రూటర్ కలిపి రెండొందల వాట్లు నాలుగు గంటలు నడుస్తాయి. సైన్‌వేవ్ రకం తీసుకుంటే కంప్యూటర్‌కీ ఫ్యానుకీ మంచిది.

ఒక్క సంగతి గమనించాలి. కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ తనలో మిగిలిన శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు ఓర్చుకుంటుంది. యూపీఎస్ పది మిల్లీసెకన్ల లోపే అందుకుంటుంది. ఇన్వర్టర్ మామూలు పద్ధతిలో ఉంటే అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుని కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. అందుకే చాలా ఇన్వర్టర్ల వెనక ‘యూపీఎస్’ అని స్విచ్ ఉంటుంది, దాన్ని అటు వేసుకోవాలి. అప్పటికీ ఆగిపోతుంటే ఇన్వర్టర్ లైను మీదే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. ఆ క్షణం యూపీఎస్‌ది, తర్వాతి గంటలు ఇన్వర్టర్‌వి!

ఖర్చు తగ్గించుకునే దారి ఇంకోటుంది. బ్యాటరీ పెంచే బదులు వాడకం తగ్గించడం. ల్యాప్‌టాప్ తినేది కంప్యూటర్‌లో సగమే, దాని బ్యాటరీ దానికే ఉంటుంది. ఇంటర్నెట్ రూటర్‌కి పది వాట్లు చాలు, దానికోసం అరచేతిలో పట్టే బుల్లి యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. లేజర్ ప్రింటర్, జిరాక్స్ మిషన్ మాత్రం ఏ చిన్న యూపీఎస్‌కీ తగిలించకూడదు. వేడెక్కేటప్పుడు అవి వందల వాట్లు ఒక్కసారిగా మింగేస్తాయి. లిథియం బ్యాటరీలు కూడా వచ్చాయి. వాటి చార్జింగ్ పద్ధతి వేరు కాబట్టి సీసం బ్యాటరీ కోసం చేసిన యూపీఎస్‌కి వాటిని సొంత తెలివితో తగిలించొద్దు.

బయట బ్యాటరీలు పెట్టుకునేందుకే చేసిన యూపీఎస్‌లు కూడా ఉన్నాయి. వాటికి పెద్ద చార్జర్, ఫ్యాను, వెనక విడిగా టెర్మినళ్లు ఉంటాయి. వాటికైనా కంపెనీ చెప్పిన రకం, చెప్పిన ఏహెచ్ బ్యాటరీలే పెట్టాలి. కొన్ని యూపీఎస్‌లు 24 వోల్టులవి ఉంటాయి. వాటిలో రెండు బ్యాటరీలూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి కావాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కడితే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది.

బ్యాటరీ ఇంట్లో ఉంటే...

కారుది కానీ, ఇన్వర్టర్‌ది కానీ, మూతలున్న బ్యాటరీ ఇంట్లో ఉన్నవాళ్లు పాటించాల్సినవి ఇవి.

* గాలి ఆడే చోట, పిల్లలకి అందకుండా, ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలి. దాని దగ్గర దీపం, అగరొత్తి, బీడీ వద్దు.

* పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు, మినరల్ వాటర్ డబ్బా నీళ్లు వద్దు. మొదటిసారి నింపాక ఇంట్లో యాసిడ్ పోసే అవసరమే రాదు. గీత దాటి నింపొద్దు.

* బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. వైరు లావుగా, పొట్టిగా ఉండాలి.

* టెర్మినళ్లు బిగించేటప్పుడు ఉంగరం, గాజులు, స్టీలు వాచీ తీసేయాలి. ముందు మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకాలి.

* యాసిడ్ ఒంటి మీద, కంట్లో పడితే వెంటనే నీళ్లతో కనీసం పావుగంట కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేల మీద పడితే వంటసోడా చల్లి కడగాలి.

* వాడకుండా గంటల తరబడి ఉంచిన బ్యాటరీని మీటరుతో చూస్తే 12.7 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 అంటే అడుగంటినట్టే, వెంటనే చార్జింగ్ పెట్టాలి.

* బ్యాటరీ ఒళ్లు ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా చార్జింగ్ ఆపేసి షాపువాళ్లని పిలవాలి.

పోయిన బ్యాటరీ ఎక్కడికి?

నాలుగు నెలలకో బ్యాటరీ పోగొట్టుకోవడంలో డబ్బు నష్టం కన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ప్రతి బ్యాటరీలోనూ కిలోల కొద్దీ సీసం ఉంటుంది. అది నేలలో కలిస్తే కుళ్లిపోయేది కాదు. దుమ్ముతో, నీటితో పిల్లల ఒంట్లోకి చేరి వాళ్ల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. సెనెగల్ దేశంలో డాకర్ నగర శివారు పేటలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే పని ఇళ్ల మధ్యే జరిగింది. 2007 చివర, 2008 మొదట్లో కొద్ది నెలల్లోనే అక్కడ 18 మంది పసిపిల్లలు చనిపోయారు. సీసం విషమే కారణమని తర్వాత తేలింది.

మన దేశంలో పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలన్న నిబంధనలు 2001లోనే వచ్చాయి. వాటి స్థానంలో 2022లో కొత్త నియమాలు వచ్చాయి. సీసం బ్యాటరీలో మంచి గుణం ఏంటంటే దాని సీసమంతా దాదాపుగా మళ్లీ కరిగించి వాడుకోవచ్చు. కాబట్టి పాతదాన్ని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి, ఎక్స్చేంజ్ కింద ధర తగ్గించుకుని, బిల్లు తీసుకోండి. పది రూపాయలు ఎక్కువిస్తాడని సైకిల్ మీద వచ్చిన పాతసామాన్లవాడికి ఇవ్వొద్దు. పెరట్లో యాసిడ్ పారబోసి ‘బరువు తగ్గించి’ ఇవ్వడం అసలే వద్దు. ఆ యాసిడ్‌లోనూ సీసం ఉంటుంది, అది దిగేది మన బావిలోకే.

బ్యాటరీ షాపు మెట్లెక్కే ముందు ఓ కాగితం మీద మూడు లెక్కలు రాసుకోండి. కరెంటు లేనప్పుడు నడవాల్సినవి ఎన్ని వాట్లు? ఎన్ని గంటలు? తర్వాత కరెంటు ఉండే గంటల్లో అంతా తిరిగి నింపగల చార్జర్ ఉందా? మొదటి రెండూ అందరూ వేసుకుంటారు. మూడోది వేసుకున్నవాళ్ల బ్యాటరీయే నాలుగేళ్లు వస్తుంది.